మైపాడు దారిలో పెరుగు ముంత

పోయిన ఆదివారం నేను మెకానిక్ మస్తాను మీద ముంతెడు పెరుగు కుమ్మరించానన్న వార్త మీ దాకా వచ్చే ఉంటుంది. ఇందుకూరుపేట దాటిన తరువాత, మైపాడు రోడ్డు మీద, పట్టపగలు, పది మంది చూస్తుండగా జరిగిన పని. దాచినా దాగదు. కోపంతో కుమ్మరించానని ఒకరు చెప్పుకొంటున్నారట. ఏదో మొక్కుబడి అని మరొకరు. మా వీధి చివరి ఇస్త్రీ బండి దగ్గరయితే, పెద్దావిడకు కళ్లు తిరిగాయని తేల్చేశారట. మూడూ తప్పే. ముప్పయ్యారు సంవత్సరాలు బాలికల ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పినదానిని. తప్పును చూచి ఊరుకోవటం నాకు చేతకాదు. కాఫీ తీసుకోండి, అసలు సంగతి చెబుతాను. నవ్వు వస్తే నవ్వండి, నేనేమీ అనుకోను.

ముందు కారు సంగతి చెప్పాలి.

మా కారు నాకంటే వయస్సులో పెద్దది. మా మామగారు ఎవరో దొర ఊరు విడిచి వెళుతుంటే కొన్నారు. నల్లని పెద్ద బండి. ముందు సీటు ఇప్పటి కార్లలో వలె విడివిడిగా ఉండదు. బడిలోని బెంచీ మాదిరిగా ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే. చక్రాలకూ బండికీ నడుమ ఇనుప పట్టీలు, ఒకదాని కింద ఒకటి, కిందికి వచ్చేకొద్దీ పొట్టిగా. వాటిని కమాను కట్టలంటారు. ఒక్కొక్క పట్టీ ఒక్కొక్క ఆకు. కుదుపును ఆపటానికి ఆ బండిలో అంతకు మించి మరేమీ లేదు. పెళ్లయిన కొత్తలో ఆ బండిలో మైపాడు వెళ్లి వస్తే, మరునాడు బడిలో నేను కుర్చీలో కూర్చోకుండా నిలబడే పాఠం చెప్పేదానిని. ఎంత శ్రద్ధ గల పంతులమ్మ అని మా హెడ్మిస్ట్రెస్ మెచ్చుకొన్నారు.

మావారు బాలుర పాఠశాలలో సైన్సు మాస్టారు. ఆయనకు ఈ కుదుపుల మీదనే ధ్యాస. అన్నం ముందు కూర్చొని కూడా అదే మాట.

"గుంతలో తగిలిన దెబ్బను స్ప్రింగు తీసుకొంటుంది. తీసుకొన్నది ఊరుకొంటుందా? తిరిగి విసురుతుంది. ఆ ఊపును ఆపేది ఇంకొకటి ఉండాలి. మొదట్లో మోటారు కార్లు చేసినవాళ్లకు ఈ ముక్క తెలిసేసరికి ఎందరి నడుములు పోయాయో."

"మీకు తెలిసేలోగా నాది పోతుంది. మజ్జిగ వేసుకోండి" అనేదానిని.

మస్తాను తండ్రి అప్పట్లో జట్కా గుర్రాలకు జీనులు కుట్టేవాడు. జట్కాలు తగ్గిన తరువాత కారు సీట్లకూ, బండి పనులకూ వచ్చాడు. మావారు ఆయన చేత కమాను కట్టలకు తోలు తొడుగులు కుట్టించి, లోపల గ్రీజు పెట్టించారు. వెనకటి కార్లకు అలాగే చేసేవారట, ఆకుల మధ్య తుప్పు చేరి అవి బిగుసుకుపోకుండా. నాలుగు మోకాళ్లకు నాలుగు కట్లు కట్టినట్లు ఉండేది. తరువాత కత్తెర ఆకారంలో ఇనుప చేతులు చేయించి, వాటి నడుమ తోలు బిళ్లలు పెట్టి బోల్టు బిగించారు. బిళ్లల రాపిడితో ఊపు తగ్గాలి. బోల్టు బిగిస్తే బండి రోలు మీద కూర్చొన్నట్లు ఉండేది. వదులు చేస్తే పడవ. టైర్లలో గాలి తగ్గించి చూచారు. సీటులోని కొబ్బరి పీచు తీసి దూది పెట్టించారు. ప్రతి మార్పుకూ ఒక పరీక్ష ఉండేది. ఆ పరీక్ష పెరుగుతో.

మా అత్తగారి చెల్లెలు సముద్రపు ఒడ్డున మైపాడులో ఉండేది. మా గేదె పెరుగు తప్ప మరొకటి ఆమె గొంతు దిగేది కాదు. అందుచేత నెలకొకసారి ఆదివారం నాడు మట్టి ముంతలో గట్టిగా తోడుకొన్న పెరుగు మైపాడు పోవాలి. ముంత పైన మీగడ చెదరకుండా చేరితే బండి పాసు. నీరు తేలితే ఫెయిలు. ఇదీ పరీక్ష.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఆ రోజుల్లో కోడలు మొగుడి పక్కన ముందు సీటులో కూర్చోవటం మా ఇంట్లో లేదు. నా స్థానం వెనుక, అత్తగారి పక్కన. మావారే తల్లికి నచ్చజెప్పారు.

"అమ్మా, వెనక సీటు ఎక్కువ ఎగురుతుంది. ముంత ముందే ఉండాలి."

"పెట్టుకో. ఎవరొద్దన్నారు?" అన్నది మా అత్తగారు.

"ముంతను పట్టుకొనే మనిషి కూడా ముందే ఉండాలి కదా."

అత్తగారు ముంతను ఒకసారి, నన్ను ఒకసారి చూచింది. "పెరుగు కోసమైతే సరే" అన్నది.

అలా నేను ముందు సీటుకు వచ్చాను. రెండు చేతులతో ముంత పట్టుకొని, తల వంచుకొని, తలుపుకు అతుక్కొని. మధ్యలో ఇంకొక మనిషి కూర్చొనేంత ఖాళీ.

ఇందుకూరుపేట దాటిన తరువాత ఒక తూము వస్తుంది. తూము మీద రోడ్డు ఎత్తుగా లేచి, దిగుతూనే ఎడమకు మలుపు తిరుగుతుంది. అక్కడికి వచ్చేసరికి బండి కుడివైపుకు ఒరిగేది. బండితోపాటు నేనూ. చేతుల్లో ముంత ఉన్నదాయె, దేనిని పట్టుకొని ఆగను? బెంచీ పొడుగునా జారి, నేరుగా ఆయన భుజం మీదికి.

వెనక నుంచి అత్తగారు, "నిదానం అబ్బయ్యా, పెరుగు" అనేది.

"స్ప్రింగు సరిగ్గా లేదమ్మా. వచ్చే నెల చూస్తాను" అనేవారు ఆయన.

ప్రతి నెలా అదే మాట. వచ్చే నెల చూస్తాను.

నేను సర్దుకొని నా వైపుకు జరిగేదానిని. నలుగురిలో భార్యాభర్తలు పక్కపక్కన నిలబడటమే ఎక్కువైన కాలం. ఆయన చొక్కాకు గంజి వాసన, దానిలో కొంచెం గ్రీజు వాసన. రెండు మూడు క్షణాలు, అంతే. జరగటంలో కొంత ఆలస్యం చేసేదానినన్న మాట ఇప్పుడు ఒప్పుకొంటాను. ఒప్పుకొంటే తప్పు పట్టేవారు ఎవరూ మిగల్లేదు.

కాలక్రమాన మైపాడు పిన్నమ్మగారు పోయారు. తరువాత మా అత్తగారూ పోయారు. పెరుగు ఎవరికీ ఇవ్వనక్కరలేదు. అయినా నెలకొకసారి ముంతతో బయలుదేరుతూనే ఉన్నాము. సరుగుడు తోపు నీడలో కూర్చొని ఆయన మూత తీసి, లోపలికి తొంగి చూచి మార్కులు వేసేవారు.

"ముప్పయి. ఈసారీ తప్పింది."

అంత సంతోషంగా ఫెయిలు చేసే మాస్టారును నేను మరెక్కడా చూడలేదు. తరువాత ఆ పెరుగులోనే అన్నం కలుపుకొని, సముద్రం చూస్తూ తినేవాళ్లం.

ఆయన పోయి తొమ్మిది సంవత్సరాలు. పోయే ముందటి సంవత్సరం, షెడ్డులో ఉన్న బండిని కిటికీలోంచి చూస్తూ, "పెరుగు ఒక్కసారైనా చెదరకుండా మైపాడు చేరలేదు గదా" అన్నారు. నేను దానిని తీరని కోరికగా తీసుకొన్నాను. తీర్చవలసిన బాధ్యత నాదనుకొన్నాను.

నా మనుమరాలు సాహితి కృష్ణపట్నం పోర్టులో ఉద్యోగం చేస్తూ నా దగ్గరే ఉంటుంది. రెండు నెలల కిందట అన్నది.

"అమ్మమ్మా, తాతయ్య కారు బయటికి తీద్దామా? షెడ్డులో పిల్లి కాపురం పెట్టింది. మూడు పిల్లలు కూడా."

"తీద్దాం. కానీ పెరుగు ముంతతో మైపాడు పోవాలి. మీగడ చెదరకూడదు."

"ఛాలెంజా?"

"బాధ్యత" అన్నాను.

మస్తానుకు కబురు పెట్టాను. అతనికిప్పుడు అరవై. తండ్రి పని నేర్చి, ట్రంకు రోడ్డు పక్కన సొంత షెడ్డు పెట్టుకొన్నాడు. బండిలోని లోపాలన్నీ ఒక కాగితం మీద వరుసగా వ్రాసి ఇచ్చాను. మూడవది: "వాహనము కుడి వైపునకు ఒరుగుచున్నది. సరిచేయవలెను."

మస్తాను కళ్లద్దాలు పెట్టుకొని చదివాడు. "అమ్మా, కోర్టు నోటీసు మాదిరి ఉండాది."

"సంతకం కూడా చేశాను, చూడు."

పది రోజుల తరువాత మళ్లీ వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి తల గోక్కొంటున్నాడు.

"అమ్మా, ముందర చక్రాల కమాను కట్టల్లో ఎడం పక్క ఆరు ఆకులుండాయి. డ్రైవరు పక్క అయిదే ఉండాయి. ఒకటి తీసేసుండారు."

"తీసినదెవరు?"

"మా నాయన చేతి పనేనమ్మా. అదేందంటే, అప్పట్లో సారు..."

"మస్తానూ, మీ నాన్నగారంటే నాకెంతో గౌరవం. అయినా తప్పు ఎవరు చేసినా తప్పే. రెండు పక్కలా సమానంగా ఉండాలి. ఆరోది వెయ్యి."

"వేస్తానమ్మా. వేసేదానికి ముందర ఒక మాట..."

"మాటలు తరువాత. ముందు ఆకు."

అతడు తల ఊపి వెళ్లిపోయాడు. ఎదుటివారు చెప్పేది పూర్తిగా విన్న తరువాతనే దిద్దాలని ముప్పయ్యారు సంవత్సరాలు పిల్లలకు చెప్పినదానిని. చెప్పటం వేరు.

మస్తాను ఆరో ఆకు వేశాడు. ఊపును ఆపటానికి ఇప్పటి కార్లకు వాడే షాకబ్జార్లు కూడా ఎలాగో అమర్చి బిగించాడు. బండిని నా ఇంటి ముందు ఆపి, దాని మూతి మీద చెయ్యి వేసి రెండుసార్లు గట్టిగా నొక్కాడు. మునిగింది, లేచింది, నిలిచింది. మావారు పాతికేళ్లు కష్టపడినది ఇదే కదా అనుకొంటే నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

ఆదివారం వచ్చింది. ఆయన కొన్న వెంకటగిరి చీర కట్టుకొన్నాను. ముంతలో పెరుగు కత్తి పెట్టి కోసేటట్లు తోడుకొన్నది. మస్తాను స్టీరింగు దగ్గర. నేను పక్కన, ముంతతో. వెనక, మా అత్తగారు కూర్చొనే చోట సాహితి, ముంతా నా ముఖమూ పడేటట్లు ఫోను ముందుకు చాచి పట్టుకొని.

"వీడియో తీస్తున్నా అమ్మమ్మా. వంద మార్కులకు సాక్ష్యం ఉండాలి గదా."

బయలుదేరాము. బండి పోతున్నట్లే లేదు. కిటికీలోంచి చూస్తే రొయ్యల గుంటలు వెనక్కి జరుగుతున్నాయి కాబట్టి పోతున్నదని తెలుసుకోవాలి. ముంతలో మీగడ మీద ఒక్క ముడత లేదు.

"ఎట్టుండాదమ్మా?" అన్నాడు మస్తాను, గర్వంగా.

"బాగున్నది" అన్నాను.

నిజంగా బాగున్నది. ఇందుకూరుపేట దాకా బాగుండటం తప్ప మరేమీ లేదు. ఈ దారిలో నా నడుముకు తెలిసిన గుంతలు ఒక్కొక్కటిగా రావాలి. ఏదీ పలకరించలేదు. నా పక్కన బెంచీ మీద అదే ఖాళీ, ఇంకొక మనిషి కూర్చొనేంత. దూరంగా తూము కనబడింది.

ఇక్కడే నా పరువు పోయింది.

తూము మీద బండి లేచింది. దిగుతూ ఎడమకు తిరిగింది. ఒరగలేదు. కుదపలేదు. తివాచీ మీద నడిచినట్లు దాటింది. కాని నా ఒంటికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? ఆ మలుపు దగ్గర ఏమి చెయ్యాలో దానికి కంఠస్థమై ఉన్నది. ముంత పైకెత్తాను. కుడివైపుకు వాలాను. బెంచీ పొడుగునా జారి నేరుగా మస్తాను భుజం మీద పడ్డాను. ముంత అతని మీద బోర్లపడింది. పెరుగు ముందుగా కొంత గడ్డం మీద ఆగి, తరువాత ఒళ్లోకి జారింది.

మస్తాను ఏ మాత్రం కంగారు పడకుండా బండిని పక్కకు తీసి ఆపాడు. ఆపినది సరిగ్గా టీ అంగడి ముందు. ఆ అంగడి నడిపే రమణమ్మ ఒకప్పటి నా విద్యార్థిని.

"టీచరమ్మా, ఏందిది? మా మీద కోపమొస్తే గోడకుర్చీ వేయించేవోరు. మస్తానన్నకు పెరుగుతో స్నానమా? ఏం తప్పు చేసినాడు?"

టీ తాగుతున్నవాళ్లందరూ గ్లాసులతో సహా లేచి వచ్చారు. విచారణ మొదలయింది.

"గుంత ఉండాదా?"

"యాడుండాది? నున్నటి రోడ్డు."

"బ్రేకు కొట్టినావా అన్నా?"

"కొట్టలేదు."

"అయితే బండి ఒరిగుంటాది. పాత బండి గదా."

మస్తాను ఊరుకోలేదు. గడ్డం నుంచి పెరుగు కారుతుండగానే అన్నాడు, "సీటు మీద గోలీకాయ పెట్టు. దొర్లితే నేను షెడ్డు మూసేస్తా. అమ్మా, మీరు చెప్పండి, బండిది తప్పుండాదా?"

అతని ముప్పయి నలభై ఏళ్ల పేరు నా నోటి మాట మీద ఆధారపడి ఉన్నది. "బండిది తప్పు లేదు" అన్నాను.

"మరెట్టా పడినారు?" అన్నది రమణమ్మ.

సాహితి ఫోను తీసింది. అందరూ దాని మీద వంగారు. నేనూ చూచాను. బండి నిబ్బరంగా పోతున్నది. తూము వస్తున్నది. ముసలామె ఒకతె ముంత పైకెత్తి, కళ్లు మూసుకొని, తనంత తానే పక్కకు వాలుతున్నది. పడేటప్పుడు ముఖంలో భయమేమీ లేదు. కళ్లు మూసుకొన్న సంగతి నాకూ అప్పటిదాకా తెలియదు.

రమణమ్మ ఫోనును చేత్తో కప్పి, "చాల్లే, పోండి పోండి, టీలు చల్లారిపోతుండాయి" అని అందరినీ తోలింది.

అంగడి వెనక కుళాయి దగ్గర మస్తాను గడ్డం కడుక్కొంటుంటే నేను చెంబుతో నీళ్లు పోశాను. క్షమించమన్నాను. అతడు తువ్వాలుతో ముఖం తుడుచుకొని అన్నాడు.

"అమ్మా, ఆ రోజు చెప్పబోయినాను, మీరు ఇనలేదు. ఆ ఆకు మా నాయన పొరపాటున తీసింది కాదు. సారే తీయించినారు."

"ఎందుకు?"

"నా పక్క ఒక ఆకు తీసెయ్యి సాయిబూ అన్నారంట. మా నాయన, సార్, బండి మీ పక్కకు ఒరుగుతాది అన్నాడంట. ఒరగనీ, దానికే గదా అన్నారంట. మీకు చెప్పబాకన్నారంట. మా నాయన ఆ మాట చెప్పుకొని చెప్పుకొని నవ్వేవోడు."

చెంబు నా చేతిలో అలాగే ఉండిపోయింది. నీళ్లన్నీ మస్తాను చెప్పుల మీద పోతున్నాయి.

తోలు తొడుగులు, కత్తెర చేతులు, టైర్లలో గాలి, దూది. మిగిలిన బండినంతా మెత్తన చెయ్యటానికి ఆయన పడిన శ్రమ నిజమే. ఒక్క ఆకు మాత్రం కావాలనే తీయించారు. వచ్చే నెల చూస్తాను, వచ్చే నెల చూస్తాను. ముప్పయి, ఈసారీ తప్పింది. పెరుగు చెదరకుండా చేరలేదు గదా అని ఆ రోజు కిటికీ దగ్గర అన్నప్పుడు ఆయన ముఖం నవ్వుతూ ఉన్నదేమో. నేను మందు సీసా మీది అక్షరాలు చదువుతున్నాను, తలెత్తలేదు.

"మస్తానూ, ఆ ఆరో ఆకు తీసెయ్యి" అన్నాను.

"సరి చేసింది మళ్లీ చెడగొట్టమంటారా?"

"అవును."

"కాయితం మీద రాసియ్యండమ్మా. రేపు బండి ఒరిగిందని మళ్లీ నన్నే అంటారు."

రమణమ్మ దగ్గర కాగితం అడిగి పుచ్చుకొన్నాను. "వాహనము కుడి వైపునకు ఒరుగవలెను" అని వ్రాసి సంతకం చేశాను. మస్తాను దానిని మడిచి, తడవని జేబులో పెట్టుకొన్నాడు.

నిన్న సాయంత్రం మళ్లీ వెళ్లాము. సాహితి నడిపింది. మస్తాను రానన్నాడు, పెరుగు తేనని ఎంత చెప్పినా, ఇంకొకసారి చూద్దాంలెమ్మా అన్నాడు. నిజంగానే ముంత తీసుకుపోలేదు. తూము వచ్చింది. బండి కుడివైపుకు ఒరిగింది, పాత స్నేహితురాలి మాదిరిగా. నేనూ ఒరిగాను. సాహితి భుజానికి గంజి వాసనా లేదు, గ్రీజు వాసనా లేదు. అయినా కాసేపు అలాగే ఉన్నాను.

"అమ్మమ్మా, తూము దాటి చాలాసేపయింది. లేవచ్చు."

"నువ్వు రోడ్డు చూచి నడుపు" అన్నాను.

చేతులు రెండూ ఖాళీగా ఒళ్లో ఉన్నాయి. అప్పుడు తోచింది నాకు. ఆ మహానుభావుడు నెలనెలా బండిని ఒరిగించి నన్ను భుజం దాకా తెచ్చుకొనేవారు. నేనేమో రెండు చేతులతో ముంతను గట్టిగా పట్టుకొని, మీగడ చెదురుతుందేమోనని దానినే చూస్తూ కూర్చొన్నాను. అత్తగారు పోయి, వెనక సీటు ఖాళీ అయిన తరువాత కూడా. అన్ని సంవత్సరాలలో ఒక్కసారి, ఒక్క తూము మీద, ఆ ముంత పక్కన పెట్టి ఆయన చెయ్యి పట్టుకొందామన్న ఆలోచన ఈ పండితురాలికి రాలేదు.

పోనీ, పెరుగైనా దక్కిందా అంటే, అదీ లేదు.